31 నంబర్ జార్, కురుసడై దీవి

మా కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో కిటికీ పక్కన పెద్ద చెక్క బీరువా ఉండేది, దాంట్లో రెండో అరలో 31 నంబర్ జార్. బెలనోగ్లాసస్ అనే సముద్రపు పురుగు. కుళ్ళిపోకుండా పోసే ఫార్మలిన్‌లో ఏళ్ళ తరబడి నాని గోధుమ రంగుకి తిరిగి, ఎండు చింతకాయ మాదిరి బిగుసుకునిపోయి ఉండేది. డిగ్రీలో మేమంతా దాన్ని చూసే బొమ్మలు వేసినాం, ముందర తొండం, దాని వెనక కాలర్, ఆ వెనకాల పొడుగాటి మొండెం, మొండెం మొదట్లో రెండు పక్కలా మొప్ప రంధ్రాలు. వెన్నెముక లేని జీవులకీ మనలాంటి వెన్నెముక ఉండే జీవులకీ నడిమధ్యలో నిలబడిన పురుగు ఇది అని మేడం చెప్పేది, పరీక్షలో ఎట్లాగూ వచ్చే ప్రశ్న కాబట్టి అందరం బట్టీ కొట్టేసినాం. అది బతికుంటే ఏ రంగులో ఉంటుంది, ఎట్లా కదులుతుంది అని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఆ జార్లన్నీ చూసుకునేది మా ల్యాబ్ అటెండర్. రిటైర్మెంట్‌కి ఇంకా రెండేళ్ళే ఉన్నాయి ఆయనకి అప్పటికి, అందరం తాతా అనే పిలిచేవాళ్ళం. చంద్రగిరి పక్కన పల్లె, రోజూ సైకిల్ మీద తిరుపతికి వచ్చేవాడు, క్యారియర్‌లో సంగటి ఊరిమిండి. ప్రతి ఎండాకాలం సెలవల్లో జార్లన్నీ కిందికి దించి, పాత ఫార్మలిన్ పారబోసి, కొత్తది కలిపి పోసి, మూతల చుట్టూ మైనం పెట్టి, లేబుల్ చెరిగిపోయుంటే ఇండియన్ ఇంక్‌తో మళ్ళీ రాసేవాడు. చదివింది ఐదో తరగతి, కానీ ఆ ఇంగ్లీష్ అక్షరాలు చూస్తే అచ్చు కొట్టినట్టు ఉండేవి. రికార్డులు వేసేటప్పుడు మాకు పేరు నోటికి రాకపోతే అడిగేది ఆయన్నే. ముప్పై ఏళ్ళుగా సముద్రం జీవుల్ని సాకినాడు గానీ సముద్రం మాత్రం ఎప్పుడూ చూడలేదు ఆయన. మాకు అది తర్వాత తెలిసింది.

మేము ఫైనల్ ఇయర్‌లో ఉండగా దీపావళి సెలవల్లో ఆ 31 నంబర్ జార్ మూత మైనం చిట్లి ఫార్మలిన్ అంతా ఆవిరైపోయింది. సెలవలైనాక వచ్చి చూస్తే లోపల నల్లగా పట్టీ మాదిరి ఏదో మిగిలింది. తాత ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. తప్పు ఆయనది కాదని మేడం ఎంత చెప్పినా ఊ అన్నాడు అంతే.

అందుకే మేడం రామేశ్వరం దగ్గర ఉండే మండపం ఊరికి స్టడీ టూర్ అని చెప్పగానే మాకంటే ముందు ఆయన పేరు ఇచ్చేసినాడు. నేనూ వస్తానమ్మా, బెలనోగ్లాసస్ కొత్తది తెచ్చుకుందాం అని.

1995 జనవరి. సంక్రాంతి అయిపోయి రెండు వారాలు కాలేదు. మేడం తేదీ ఎట్లా పెట్టిందో చెప్తే మీరు నమ్మరు, పంచాంగం చూసి. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు చంద్రుడు ఒకే వరసలో ఉంటారు కాబట్టి పోటు ఎక్కువ, ఆటు కూడా అంతే ఎక్కువ, నీళ్ళు బాగా లోపలికి పోయి ఒడ్డు బయట పడుతుంది, అప్పుడు పోతేనే జీవులు కనపడేది. జనవరి ఆఖర్లో అమావాస్య వచ్చింది, దాన్ని పట్టుకునింది. ఇంకోటి కూడా చెప్పింది, మండపానికి రెండు పక్కలా సముద్రమే, ఉత్తరం పక్క పాక్ అఖాతం, దక్షిణం పక్క మన్నార్ సింధుశాఖ, చలికాలంలో ఈశాన్యం గాలికి ఉత్తరం పక్క అల్లకల్లోలంగా ఉంటే దక్షిణం పక్క చెరువు మాదిరి ఉంటుంది, ఎండాకాలం పోయి నైరుతి గాలి తిరిగితే తారుమారు. మనం పోయే దీవి దక్షిణం పక్కది కాబట్టి ఇదే టైమ్ అని.

ఇంట్లో పర్మిషన్ మాత్రం మా నాయన వెంటనే ఇచ్చేసినాడు, రామేశ్వరం అనే మాట వినగానే. సముద్రం పురుగులు చూడను పోతా ఉండాం నాయనా అంటే, ఏదో ఒకటి, స్వామి దర్శనం అవుతుంది కదా పో అన్నాడు. అమ్మ ఒక పెద్ద డబ్బా నిండా మణుగుబూలు, నిప్పట్లు, ఇంకో గిన్నెలో చింతపండు పులిహోర కట్టింది. కొర్లగుంట నుంచి బస్టాండ్‌కి రిక్షాలో పోతా ఉంటే ఆ డబ్బా నా కంటే ఎక్కువ జాగా పట్టింది.

పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మద్రాసు, ఆడ ఎగ్మోర్‌లో రామేశ్వరం బండి. అప్పుడు ఆ లైన్ మొత్తం మీటర్ గేజ్, చిన్న పెట్టెలు, కిటికీ పక్కన కూర్చుంటే బొగ్గు లేకపోయినా బొగ్గు వాసన వచ్చినట్టే ఉండేది. రాత్రంతా అంత్యాక్షరి. తాత మాత్రం ఒక గోనెసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, పడుకోమన్నా పడుకోలేదు. ఆ సంచిలో గడ్డి చుట్టి పెట్టిన కొత్త గాజు జార్. మూతతో సహా. లేబుల్ కూడా ముందే రాసి అంటించేసినాడు, 31 అని.

మండపం క్యాంప్‌లో దిగినాం పొద్దున. క్యాంప్ అని ఎందుకంటారంటే బ్రిటిష్ వాళ్ళ కాలంలో సిలోన్ తేయాకు తోటలకి పోయే కూలీలని పడవ ఎక్కించే ముందు ఈడ కొన్ని రోజులు ఉంచి రోగాలు ఉన్నాయేమో చూసేవాళ్ళంట. ఆ క్యాంప్‌లోనే తర్వాత సముద్ర చేపల పరిశోధన సంస్థ వచ్చింది. సంస్థ పుట్టింది 1947 ఫిబ్రవరిలో, ఇంకా స్వాతంత్ర్యం కూడా రాలేదు, 1971లో కొచ్చిన్‌కి మారిందాకా దేశం మొత్తానికి హెడ్ ఆఫీసు ఈ ఇసక దిబ్బల మీదే ఉండేది. మేము పోయినప్పటికి ప్రాంతీయ కేంద్రం అయిపోయింది, అయినా ఆ పాత బిల్డింగులు, తొట్టెల్లోకి సముద్రం నీళ్ళు తోడే పంపుల శబ్దం, చేపల వాసన, ఉప్పు వాసన, అన్నీ కలిసి ఒక్కసారి మొహానికి కొట్టినట్టు ఉండింది.

లోపల మాకు అన్నీ చూపించిన సైంటిస్ట్ సార్ నెల్లూరు ఆయన. మేము తెలుగులో గుసగుసలాడుకోవడం విని, ఏ ఊరమ్మా మీది అని తెలుగులో అడిగేసరికి మాకు ప్రాణం లేచొచ్చింది. చిత్తూరు, పుత్తూరు పక్క పిల్లలకి అరవం బాగానే వచ్చు అనుకోండి, అయినా అంత దూరం పోయి తెలుగు వింటే ఆ సంతోషమే వేరు. ఆయన మొదట మ్యూజియం చూపించినాడు, సముద్రపు ఆవు, డుగాంగ్. అరవంలో కడల్ పసు అంటారు. పేరుకి తగినట్టే ఆవు మాదిరి గడ్డి తినే బతుకుతుంది, సముద్రం అడుగున పెరిగే గడ్డి. 1960ల్లో ఇదే కేంద్రంలో బతికున్న డుగాంగ్‌లని తొట్టెలో పెట్టి కొన్నేళ్ళు సాకినారు అని చెప్తే మాకు నోట మాట రాలేదు.

తర్వాత ఒక తొట్టె దగ్గరికి తీసుకుపోయి చెయ్యి పెట్టి ఒక గోధుమ రంగు ముద్ద తీసినాడు. మట్టి ముద్ద మాదిరి ఉంది, పైన ఏదో తోలు పొర, కొసన గోరులాంటి గట్టి మూత. ఇదేందో చెప్పండి అన్నాడు. పాతిక మంది డిగ్రీ ఫైనల్ ఇయర్ పిల్లలం, ఒక్కరమూ చెప్పలేదు.

శంఖం.

మాది తిరుపతి. పుట్టినప్పటి నుంచీ శంఖు చక్రాలు చూడని రోజు లేదు, బస్సు మీద, గోడల మీద, గుడి గోపురం మీద, ఇంటి గుమ్మం పైన. మా పూజ గదిలో తెల్లటి శంఖం ఉండేది, మా అవ్వది. ఆ తెలుపు దాని రంగు అనుకునినాం మేము. బతికున్న శంఖానికి పైన మందంగా గోధుమ రంగు పొర ఉంటుందంట, ఆ పొర తీసి రుద్ది కడిగితేనే లోపలి తెలుపు బయటికి వచ్చేది. మన్నార్‌లో మునిగి శంఖాలు తీసేవాళ్ళు ఉన్నారు, అవి ఎక్కువగా కలకత్తా పక్కకి పోతాయి, ఆడ కోసి గాజులు చేస్తారు, బెంగాలీ పెళ్ళికూతురికి శంఖం గాజులు మన మంగళసూత్రం అంతటివి అని చెప్పినాడు. తాత ముందుకి వచ్చి రెండు చేతులూ పట్టినాడు. సార్ ఆయన చేతుల్లో పెట్టినాడు. తాత దాన్ని కళ్ళకి అద్దుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఆ గోరు మూత పక్కకి జరిగి, లోపల నుంచి మెత్తటి పాదం ఒకటి నిదానంగా బయటికి వచ్చి ఆయన అరచేతిని తాకింది. అబ్బ, స్వామీ అన్నాడు అంతే.

మరుసటి రోజు దీవి. కురుసడై అని, పాంబన్ పక్కనే. మన్నార్‌లో తూత్తుకుడి దాకా 21 దీవులు అని లెక్క, 1986లో అన్నీ కలిపి జాతీయ పార్కు చేసినారు. వాటిల్లో రెండు ఇప్పుడు లేవు, సున్నం కోసం చుట్టూ ఉండే పగడపు దిబ్బలని తవ్వి తవ్వి ఎత్తుకుపోతే అలలని ఆపే గోడ లేక ఆ రెండూ మునిగిపోయినాయి. ఇది విన్నప్పుడు మాకు పెద్దగా ఎక్కలేదు, ఇప్పుడు తల్చుకుంటే గుండె పట్టేస్తుంది, దీవులు, నిజంగా నిలబడి నడవగలిగే నేల, మనిషి ఇంటి గోడకి సున్నం కొట్టడానికి.

తెల్లవారకముందే కుందుకాల్ దగ్గరికి పోయినాం. వివేకానందుడు అమెరికా, యూరప్ తిరిగి 1897 జనవరి 26న మన నేల మీద కాలు పెట్టింది ఆడనే. పడవలో ఎక్కినాం, వల్లం అంటారు దాన్ని. వెనక్కి తిరిగి చూస్తే పాంబన్ రైలు వంతెన, 1914 నాటిది, పడవలు పోవడానికి నడుమ భాగం రెండుగా చీలి పైకి లేచేది, మనుషులు చేత్తో తిప్పి లేపేవాళ్ళు. పక్కనే ఎత్తుగా కొత్త రోడ్డు వంతెన. పడవ అన్న చెయ్యి చూపించి 1964 తుపాను సంగతి చెప్పినాడు, డిసెంబర్ 22 రాత్రి ధనుష్కోటికి పోయే పాసింజర్ బండి మొత్తం కొట్టుకుపోయింది, ఒక్కరూ మిగల్లేదు, ఊరూ మిగల్లేదు. చెప్పినంత సేపూ ఇంజన్ శబ్దం తప్ప పడవలో ఇంకేం వినపడలేదు.

దీవి చిన్నది, నూటరవై ఎకరాల చిల్లర. మా పక్క ఒక మోతుబరి రైతు మామిడి తోటలు కలిపితే అంత ఉంటుందేమో. ఒడ్డున తెల్లగా అరిగిపోయిన పగడపు ముక్కలు, నడుస్తా ఉంటే కాళ్ళ కింద గాజు పెంకుల మాదిరి గలగల. మడ చెట్లు, కొబ్బరి చెట్లు, వాటి మధ్యలో పరిశోధన కేంద్రం, బ్రిటిష్ కాలంలో మద్రాసు చేపల శాఖ వాళ్ళు కట్టినది. మద్రాసు మ్యూజియం వాళ్ళు ఈ ఒక్క దీవి ఒడ్డున ఏమేం జీవులు ఉన్నాయో సర్వే చేసి 1927లోనే అచ్చు వేసినారు, అప్పటి నుంచి దక్షిణాదిలో జువాలజీ చదివిన ప్రతి ఒక్కరికీ ఈ పేరు తెలుసు. బిల్డింగు చూస్తే మాత్రం పెచ్చులూడిన గోడలు, రెండు గదులు, సిమెంట్ తొట్లు, అంతే. అయినా నాకు ఆ వరండాలో నిలబడితే గుడిలో నిలబడినట్టే ఉండింది.

నీళ్ళు అప్పటికే వెనక్కి పోయినాయి. మోకాలి లోతులో నడిచినాం, కాన్వాస్ బూట్లు వేసుకుని, ముళ్ళ ఆల్చిప్పలు కోస్తాయని మేడం ముందే చెప్పింది. ఏమేం చూసినామో రాస్తే తెల్లారిపోతుంది. ఎర్రటి బుడిపెలు ఉన్న సముద్ర నక్షత్రం, అరచేయి అంత. పళ్ళెం అంత సముద్ర పుష్పం, దాని వేళ్ళ మధ్యలో నారింజ రంగు చేపలు ఇంట్లో తిరిగినట్టు తిరుగుతున్నాయి. మా ఫ్రెండ్ ఒకమ్మాయి సముద్ర దోసకాయని గట్టిగా పట్టుకునేసరికి వెనక నుంచి తెల్లటి దారాలు చిమ్మింది, జిగురు జిగురు, చెయ్యంతా అతుక్కుని రెండు రోజులు పోలేదు. పుస్తకంలో ఆత్మరక్షణ అని ఒక్క లైన్ ఉండింది దాని గురించి.

అప్పుడు ఆ కేంద్రంలో పనిచేసే ఒక పెద్దాయన పలుగులాంటి చిన్న కర్ర పట్టుకుని ఇసక మీద ఏదో వెతకతా నడుస్తున్నాడు. రండి అని చెయ్యి ఊపినాడు. ఇసక మీద చిన్న కుప్ప, వానపాము విసర్జన మాదిరి చుట్టలు చుట్టలుగా. దాని పక్కన నిదానంగా, ఎంత నిదానంగా అంటే పూలమొక్క వేరు తెగకుండా తవ్వినట్టు, చేత్తోనే ఇసక తీసినాడు. తవ్వతా ఉండగానే వాసన వచ్చింది. అయోడోఫామ్ వాసన, పాతకాలం ఆసుపత్రిలో దెబ్బకి కట్టు కట్టేటప్పుడు వచ్చే వాసన. సముద్రం మధ్యలో ఆసుపత్రి వాసన ఏంది అనుకునే లోపల ఆయన అరచేతిలో నీళ్ళతో సహా పైకెత్తినాడు.

బెలనోగ్లాసస్.

గోధుమ రంగు కాదు. లేత పసుపు, మీగడలో చిటికెడు పసుపు కలిపితే వచ్చే రంగు, కాలర్ దగ్గర ఇంకొంచెం ముదురు. మెత్తగా, ఎంత మెత్తగా అంటే వేలు పెడితే తెగిపోతుంది, నిజంగానే తెగిపోతుందంట, అందుకే పూర్తిగా బయటికి తియ్యడం కష్టం అన్నాడు ఆయన. ముందర ఆ తొండం ఉబ్బుతోంది, సన్నబడుతోంది, మళ్ళీ ఉబ్బుతోంది, ఇసకలో దారి వెతుక్కున్నట్టు. మూడేళ్ళు బొమ్మ వేసిన ప్రతి భాగం కళ్ళ ముందర కదులుతోంది, మొప్ప రంధ్రాలు కూడా.

తాత వంగి చూస్తున్నాడు. చాలా సేపు చూసినాడు. "ఇంత మెత్తంగా ఉంటాదా అమ్మాయ్ ఇది" అన్నాడు నా పక్క తిరిగి. గొంతు ఎట్లాగో ఉంది. తర్వాత గోనెసంచిలో నుంచి జార్ తీసినాడు.

మేడం నిదానంగా చెప్పింది, తియ్యకూడదు అని. జాతీయ పార్కు, మనకి ఇచ్చిన పర్మిషన్ చూడ్డానికి మాత్రమే, చిన్న గవ్వ కూడా పట్టుకుపోకూడదు. తాతకి ఎవరూ ముందు చెప్పలేదు, చెప్పాల్సింది మేమే, మేము అనుకోలేదు. ఆయన జార్ పట్టుకుని అట్లే నిలబడినాడు ఒక నిమిషం. బతిమాలుతాడేమో అనుకున్నాను. "తీసుకుపొయ్యేది లేదులేమ్మా, ఫార్మలిన్ పోస్తే మళ్ళీ ఆ రంగుకే తిరుగుతుంది" అని తనే అనేసి జార్ సంచిలో పెట్టేసినాడు. కేంద్రం పెద్దాయన పురుగుని మళ్ళీ ఇసకలో పెట్టినాడు. అది తొండంతో తోసుకుంటా తోసుకుంటా లోపలికి పోయేదాకా తాత ఆ నీళ్ళలో మోకాళ్ళ మీదే కూర్చున్నాడు, పంచె అంతా తడిసిపోయినా.

తర్వాత చాలా జరిగినాయి ఆ సముద్రానికి. 1998లో నీళ్ళు వేడెక్కి పగడాలు తెల్లబడిపోయినాయి, 2010లో ఒకసారి, 2016లో ఇంకోసారి. ఒడ్డున పెంపకానికి తెచ్చిన విదేశీ నాచు ఒకటి ఇదే కురుసడై పగడాలని దుప్పటి మాదిరి కప్పేసింది అని 2008లో చదివినప్పుడు నాకు రెండు రోజులు మనసు బాగాలేదు, సొంత ఊరి చెరువు ఎండిపోయిందని విన్నట్టు. మంచి కూడా లేకపోలేదు, 2001లో సముద్ర దోసకాయలని పట్టకూడదని చట్టం చేసినారు, 2010లో కోబియా చేపని మన దేశంలో మొదటిసారి పెంపకంలో గుడ్లు పెట్టించి పిల్లలు తీసింది మండపం కేంద్రమే, 2022లో పాక్ అఖాతంలో డుగాంగ్‌ల కోసం రక్షిత ప్రాంతం ప్రకటించినారు. 2019లో పిల్లలతో రామేశ్వరం పోయినప్పుడు రోడ్డు వంతెన మీద నిలబడి దక్షిణం పక్క చూపించినాను, అదో ఆ పచ్చటి గీత మాదిరి కనపడేదే అని. మా అమ్మాయి ఫోటో తీసింది, ఫోటోలో నీళ్ళు తప్ప ఏం పడలేదు. ఆ పాత రైలు వంతెన మీద ఇప్పుడు బండ్లు లేవు, పక్కన కొత్తది కట్టి 2025లో మొదలుపెట్టినారు.

నేను ఇప్పుడు చిత్తూరులో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను. హెమీకార్డేటా, అంటే బెలనోగ్లాసస్ ఉండే వర్గం పాఠం వచ్చిన రోజు బోర్డు మీద బొమ్మ వేసి ముందు వాసన సంగతి చెప్తాను, తర్వాతే కాలర్, తొండం.

ఆ రోజు దీవి నుంచి వచ్చి సాయంత్రం రామేశ్వరంలో సత్రంలో దిగినాం. గుడిలో 22 తీర్థాలూ స్నానం చేసి అందరూ అలిసిపోయి పడుకున్నారు. నాకు నిద్ర పట్టక వరండాలోకి వస్తే తాత గడప మీద కూర్చోనుండాడు, జార్ పక్కన పెట్టుకుని. "అమ్మాయ్, నువ్వు బొమ్మలు బాగా వేస్తావు గదా" అన్నాడు. రికార్డు కోసం తెచ్చుకున్న క్యామెల్ రంగుల డబ్బా ఉంది నా దగ్గర, డ్రాయింగ్ పేపర్లు ఉన్నాయి. వరండాలో నలభై క్యాండిల్ బల్బు కింద కూర్చుని మొదలుపెట్టినాను. నీళ్ళ గ్లాసు ఆయనే పట్టుకున్నాడు, బ్రష్ కడగడానికి. తొండం వేసినాను, కాలర్ వేసినాను, మొప్ప రంధ్రాలు ఒక్కోటి లెక్క పెట్టుకుంటా వేసినాను. ఆరినాక చుట్టి ఆ జార్‌లో పెడతాను, 31లో అదే ఉంటాది అన్నాడు, అన్నట్టే పెట్టినాడు, డిపార్ట్‌మెంట్ కొత్త బిల్డింగ్‌కి మారేదాకా బీరువాలో రెండో అరలో అదే ఉండింది.

పేపర్ ఎత్తి బల్బు వెలుతురులో పట్టుకుని చూపించినాను. ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూసినాడు, కాస్త దూరం పెట్టి చూసినాడు, మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"కాలర్ దగ్గర ఇంకొంచెం పసుపు పడాల అమ్మాయ్" అన్నాడు.